ముల్లు చెప్పిన మాట

"కందెన వేయని బండికి కావలసినంత సంగీతము" అని మన పెద్దల సామెత. ఎద్దులబండి ఇరుసునకు కందెన తక్కువైనచో చక్రము కీచుమని మొరపెట్టును. ఆ మొర ఊరంతకును వినబడును. బండివాడు దిగి కందెన వేయును. సంగీతము ఆగిపోవును. ఎద్దులబండి తన బాధను తానే చెప్పుకొనగలదు.

మోటారుబండి అట్టిది కాదు. దాని కందెన ఇంజను కడుపులో దాగియుండును. అది చాలుటలేదని ఇంజను గట్టిగా మొరపెట్టు సమయమునకు, తరచుగా, చికిత్సకు వేళ మించిపోవును. అందువలన ఇంజను పక్షమున ముందుగానే మాటలాడుటకు ఒక సాక్షిని నియమించిరి. ఆ సాక్షియే చమురు ఒత్తిడి మాపకము. వాడుకలో దానిని గేజి అందురు. గుండ్రని అద్దము వెనుక అంకెలు, వానిపై తిరుగాడు ఒక సన్నని ముల్లు: ఇంతే దాని రూపము.

ఆ సాక్షి మాట ఎంతవరకు నమ్మదగినది? సాక్షియే అబద్ధమాడుచున్నదని తోచినపుడు ఏమి చేయవలెను? ఈ ప్రశ్నలకు సమాధానము తెలిసికొనుటకై ఒక ప్రయాణమును ఊహింపుడు.

కర్నూలు జిల్లా పడమటి భాగమున ఆదోని, ఎమ్మిగనూరు అను రెండు పట్టణములు కలవు. ఆదోని ప్రత్తి వ్యాపారమునకు పేరుపొందినది. ఎమ్మిగనూరు నేతపనికి ప్రసిద్ధి గాంచినది. అచ్చటి చేనేత పనివారికొరకు 1938వ సంవత్సరమున సహకార సంఘమును స్థాపించి, 1954లో పద్మశ్రీ పురస్కారమును పొందిన మాచాని సోమప్ప గారి పేరు ఆ ప్రాంతమున అందరును ఎరుగుదురు. ఈ రెండు పట్టణములకు నడుమ దూరము సుమారు 30 కిలోమీటర్లు. దారి పొడవునను నల్లరేగడి పొలములు కనబడును. వేసవిలో ఆ నేల నెఱ్ఱెలువారి, గాలి పొయ్యిమీది పెనమువలె వేడెక్కును.

అట్టి వేసవి ఉదయమున ఆదోనినుండి ఎమ్మిగనూరునకు ఒక చిన్న ఎఱ్ఱని కారు పోవుచున్నది. దానికి పైకప్పు లేదు. ఇద్దరు మాత్రమే కూర్చుండవచ్చును. అది ఎం.జి. టి.డి. అను క్రీడాకారు. ఇంగ్లండు దేశమున ఆబింగ్డన్ పట్టణమున 1950 మొదలు 1953 వరకు అట్టివి సుమారు 30 వేలు తయారైనవి. ఆ కర్మాగారము 1980లో మూతబడినది. కనుక అట్టి కారు నేడు పాడైనచో కొత్తది కొనుటకు వీలులేదు. ఉన్నదానిని కాపాడుకొనుటయే మార్గము.

కారు నడుపుచున్నవాడు ఉద్యోగవిరమణ చేసిన భౌతికశాస్త్రోపాధ్యాయుడు. ప్రక్కన కూర్చున్నవాడు ఎనిమిదవ తరగతి చదువుచున్న అతని మేనల్లుడు. ఆనాడు బాలుని అక్కకు ఎమ్మిగనూరున పెండ్లి. ముహూర్తము పదకొండున్నర గంటలకు. పెండ్లికూతురును బుట్టలో కూర్చుండబెట్టి మండపమునకు తీసికొనిపోవలసినవాడు మేనమామ. అంతియే కాక, సాయంకాలపు ఊరేగింపున వధూవరులను ఈ ఎఱ్ఱ కారులోనే కూర్చుండబెట్టెదనని అతడు మాట ఇచ్చియుండెను.

సగము దారి దాటినది. ఇక 12 కిలోమీటర్లు మిగిలినవి. అపుడు బాలుడు గేజి వంక చూచి, "మామయ్యా! చమురు ముల్లు పడిపోయినది" అనెను.

ఆ ముల్లు ప్రతిదినము 60 అంకె చెంత నిలుచునది. ఇపుడు 15 చెంతకు దిగినది. ఉపాధ్యాయుడు మారుమాట పలుకక కారును రోడ్డు ప్రక్కకు తీసి, వెంటనే ఇంజనును ఆపివేసెను.

బాలుడు ఆశ్చర్యపడి, "ఆగుట ఎందులకు మామయ్యా? ఈ గేజి చెడినదని మీరే ఎన్నియో మారులు చెప్పితిరి గదా! ఇంజను ఆగియున్నపుడు కూడ ముల్లు సున్నకు రాదు. అబద్ధమాడు గేజిని నమ్మి పెండ్లికి ఆలస్యము చేయుదమా?" అని యడిగెను.

మేనమామ చిరునవ్వు నవ్వి, "ఇపుడు ముల్లు ఎచ్చట నిలిచినదో చూడుము" అనెను.

"పది యొద్ద."

"ఇంజను తిరుగుటలేదు. ఇంజను తిరుగనపుడు చమురు పంపును తిరుగదు. కొంతసేపటికి ఒత్తిడి యంతయు తగ్గిపోవును. అయినను ఇది పది అని చెప్పుచున్నది. అనగా, లేని పదిని ఉన్నట్లు చెప్పుచున్నది. ఇంజను తిరుగుచున్నపుడు ఇది ఎంత చూపెను?"

"పదునైదు."

"అందుండి లేని పదిని తీసివేయుము."

"అయిదు!" అని బాలుడు ఉలికిపడెను.

"అది సరిగా అయిదే అని నేను చెప్పజాలను. సున్న యొద్ద పది ఎక్కువ చూపు గేజి అన్ని చోట్లను పదియే ఎక్కువ చూపునను నిశ్చయము లేదు. కాని ఒకటి మాత్రము తెలిసినది. ఈ గేజి అబద్ధమాడునని మనము ధైర్యము తెచ్చుకొంటిమి. నిజమునకు దాని అబద్ధము మన భయమును పెంచవలసినదే కాని తగ్గించవలసినది కాదు. ఇది ఉన్నదానికంటె ఎక్కువ చెప్పు సాక్షి. ఎక్కువ చెప్పు సాక్షియే ఇంత తక్కువ చెప్పినపుడు, నిజము ఇంకను తక్కువగా ఉండవచ్చును."

తరువాత అతడు ఇంజను మూత తెరచి, చమురు కొలుచు పుల్లను బయటికి తీసి, శుభ్రముగా తుడిచి, మరల ముంచి చూచెను. చమురు రెండు గీతల నడుమనే ఉన్నది. కారు క్రింద చమురు కారిన జాడయు లేదు. చమురు ఉన్నది, ఒత్తిడి మాత్రము లేదు. కారణము ఏమో అచ్చట తెలియదు. కారణము తెలియువరకు ఇంజనును నడుపరాదని అతడు నిశ్చయించెను. ప్రక్క పొలములోని రైతును కారు చూచుచుండుమని వేడి, ఇద్దరును వేపచెట్టు నీడన బస్సుకొరకు నిలుచుండిరి.

"కేవలము 12 కిలోమీటర్లే గదా!" అని బాలుడు మరల అనెను. అతని మనస్సున ఊరేగింపు మెదలుచుండెను.

"ఇంజనులోని ఇరుసు ప్రతి నిమిషమునకు రెండువేలకు మించి తిరుగును. పన్నెండు కిలోమీటర్లు పోవు లోపల ఎన్ని వేలసార్లు తిరుగునో లెక్కవేయుము" అని మేనమామ బదులు పలికెను.

ఇచ్చట కథను కొంచెము ఆపి, చమురు ఒత్తిడి యనగా ఏమో తెలిసికొందము.

ఇంజనులోని పెద్ద ఇరుసు బేరింగులు అను లోహపు పట్టీల నడుమ తిరుగును. ఇరుసునకును పట్టీకిని మధ్య ఉండు సందు వెండ్రుక మందమునకు మించదు. ఆ సందున పలుచని చమురు పొర నిలిచియుండును. ఆ పొర ఉన్నంతవరకు లోహము లోహమునకు తగులదు. పొర తెగినచో రెండు లోహములును రాచుకొని, వేడెక్కి, క్షణములలో గీతలు పడును. ఒక్కొక్కపుడు పట్టీ కరగి ఇరుసును పట్టుకొనును. ఇంజను బిగిసిపోవును.

ఈ చమురు పొరకు ఎంత బలము కలదో మొదట కనుగొన్నవాడు బీచమ్ టవర్ అను ఇంగ్లీషు ఇంజనీరు. 1883వ సంవత్సరమున ఆయన రైలుపెట్టెల ఇరుసుల వంటి ఇరుసుపై ప్రయోగములు చేయుచుండెను. చమురు పోయుటకై పైపట్టీకి ఒక రంధ్రము చేయించెను. ఇరుసు తిరుగగా చమురు ఆ రంధ్రమునుండి లోనికి పోవుటకు మారుగా పైకి ఉబికి వచ్చెను. చెక్కబిరడా బిగించిరి. బిరడాయు మెల్లమెల్లగా పైకి నెట్టబడెను. ఇది ఏదో విచిత్రమని ఆయన విడిచిపెట్టలేదు. ఆ రంధ్రమునకు ఒత్తిడి గేజిని తగిలించెను. ఇరుసుపై మోపిన బరువు సగటున చదరపు అంగుళమునకు 100 పౌనులు మాత్రమే. గేజి 200 పౌనులను మించి చూపెను! తిరుగుచున్న ఇరుసు చమురును సందులోనికి లాగికొని, ఆ చమురు పొరపైననే తేలుచున్నదని దీనివలన బయటపడెను. 1886లో ఆస్బర్న్ రేనాల్డ్స్ అను శాస్త్రజ్ఞుడు దీనికి గణితముతో కారణము చూపెను.

ఇరుసు అట్లు తేలవలెనన్నచో సందులోనికి చమురు ఎడతెగక వచ్చుచుండవలెను. ఆ పని చమురు పంపుది. తోటకు నీరు పట్టు గొట్టము మూతిని వ్రేలితో సగము మూసినచో లోపల ఒత్తిడి పెరుగుటను మీరు చూచియుందురు. వ్రేలు తీసినచో నీరు జారిపోయి ఒత్తిడి పడిపోవును. ఇంజనులోను ఇంతే. పంపు నెట్టిన చమురునకు సన్నని సందులు అడ్డుపడుటచేత ఒత్తిడి పుట్టును. ఒత్తిడి మితిమీరకుండుటకై ఒక కవాటము కలదు. అందు ఒక చిన్న ఉక్కుబంతిని స్ప్రింగు నొక్కిపట్టియుండును. ఒత్తిడి హద్దు దాటినపుడు బంతి కొంచెము లేచి, ఎక్కువైన చమురును క్రిందికి విడిచివేయును.

కనుక ఒత్తిడి నిజముగా తగ్గుటకు కారణములు కొన్నియే. చమురు తక్కువైయుండవచ్చును. పెట్రోలు కలిసి గాని, మితిమీరిన వేడిమివలన గాని చమురు పలుచబడియుండవచ్చును. చమురు పీల్చు జల్లెడ మూసికొనిపోవచ్చును. పంపు పండ్లు అరిగియుండవచ్చును. కవాటము సరిగా మూసికొనకుండవచ్చును. బేరింగులు అరిగి సందులు పెద్దవి కావచ్చును. ఇవి యేవియు కాక, ఇంజను బాగుండి గేజియే తప్పు చూపవచ్చును. ఇన్నింటిలో ఏది నిజమో తేల్చుటయే విద్య.

ఇక కథకు వత్తము. బస్సు వచ్చెను. మేనమామ వేళకు పెండ్లి యింటికి చేరి బుట్ట ఎత్తెను. ముహూర్తము తప్పలేదు. కాని ఊరేగింపు వేరొక బండిలో జరిగెను. "పన్నెండు కిలోమీటర్లకు భయపడినాడు" అని బంధువులలో కొందరు నవ్విరి. బాలునకు చిన్నతనముగా తోచెను. మేనమామ మాత్రము ఏమియు పలుకలేదు.

మరునాడు ఒక ట్రాక్టరుకు త్రాడు కట్టి, ఇంజనును తిప్పకయే కారును ఎమ్మిగనూరులోని ఒక షెడ్డునకు లాగికొని వచ్చిరి. ఆ షెడ్డులోని మిస్త్రీ వృద్ధుడు. అతడు స్పానరు చేతబట్టుటకు ముందు ప్రశ్నలు వేసెను. "ముల్లు ఒక్కసారిగా పడినదా, నెలల తరబడి కొంచెము కొంచెముగా దిగినదా?" "కొన్ని నిమిషములలోనే పడినది." "ఇంజను శబ్దము మారినదా?" "వినబడునంతగా మారలేదు." "చమురు మార్చి ఎంత కాలమైనది?" "రెండేండ్లు దాటినది" అని ఉపాధ్యాయుడు కొంచెము సిగ్గుతో చెప్పెను.

మిస్త్రీ తల ఊపి, "బేరింగులు అరిగినచో ముల్లు నెలల తరబడి దిగును. నిమిషములలో పడినదనగా ఏదో పగిలియుండవలెను, లేదా ఎచ్చటనో ఏదో అడ్డుకొనియుండవలెను. అయినను ఇది ఊహయే. ఊహ వేరు, పరీక్ష వేరు" అనెను.

అతడు కొలపుల్లనుండి చమురుబొట్టు తీసి వ్రేళ్ళ నడుమ రాచి, వాసన చూచెను. పెట్రోలు వాసన లేదు; జిగట తగినంత ఉన్నది. ఇంజనునుండి గేజికి పోవు సన్నని గొట్టమును మొదటినుండి తుదివరకు వ్రేలితో తడిమెను. తడి లేదు, నొక్కు లేదు. తరువాత తన పెట్టెనుండి మరియొక గేజిని తీసెను.

"దీనిని కారుకు తగిలింతురా?" అని బాలుడు అడిగెను.

"తగిలించెదను. కాని ముందు దీని సంగతి చూడవలదా? ఒక సాక్షిని పరీక్షించుటకు వచ్చిన రెండవ సాక్షి కూడ సత్యవంతుడై ఉండవలెను గదా!" అని మిస్త్రీ దానిని చక్రములకు గాలి నింపు యంత్రమునకు తగిలించి, అచ్చటి గేజితో పోల్చిచూచెను. రెండును 30 యొద్దను, 60 యొద్దను ఒకే మాట చెప్పినవి. గాలి విడువగా పరీక్ష గేజి ముల్లు సున్నకు వచ్చి నిలిచెను.

అపుడతడు మూడు దారులు గల ఒక చిన్న ఇత్తడి ముక్కను గొట్టము మొదట అమర్చెను. ఒక దారి ఇంజనుది; ఒక దారి కారు గేజిది; ఒక దారి పరీక్ష గేజిది. ఇపుడు రెండు గేజులును ఒకే ఒత్తిడిని చూచును. బాలుని చేతికి కాగితమిచ్చి, "కనబడినది కనబడినట్లు వ్రాయుము. నీకు తోచినది వ్రాయకుము" అని చెప్పెను.

ఇంజను తిరుగకయే కారు గేజి 10, పరీక్ష గేజి సున్న. ఇంజను తిరుగుచుండగా కారు గేజి 35, పరీక్ష గేజి 25. అర నిమిషము కాకమునుపే మిస్త్రీ ఇంజనును ఆపివేసెను.

"వేడెక్కువరకు నడిపి చూడవలదా?" అని బాలుడు అడిగెను.

"చల్లని చిక్కని చమురుతోనే ఒత్తిడి ఇంత తక్కువగా ఉన్నది. చమురు వేడెక్కి పలుచబడినచో ఇంకను దిగును. రోగము తెలిసికొనుటకు రోగిని చంపవచ్చునా నాయనా?" అని మిస్త్రీ పలికెను.

ఈ చిన్న పరీక్షతో రెండు సంగతులు తేలినవి. మొదటిది, కారు గేజి నిజముగానే తప్పు చూపుచున్నది. రెండవది, ఇంజనులో ఒత్తిడి నిజముగానే తగ్గినది. బాలుడు మొదట ఈ రెండింటిలో ఒకటి నిజమైనచో రెండవది అబద్ధమనుకొనెను. గేజి చెడినది కనుక ఇంజను బాగున్నదనుకొనెను. రెండు దోషములు ఒకే చోట ఉండగలవని అతనికి తోచలేదు. పెద్దలు కూడ తరచుగా చేయు పొరపాటు ఇదియే.

ఇక ఇంజనులోని దోషమును వెదకవలెను. పంపును విప్పవలెనన్న ఎక్కువ శ్రమ. బేరింగులను చూడవలెనన్న ఇంకను శ్రమ. కవాటమును విప్పుటకు ఒక్క మర చాలును. "తెగిన దారము దొరకుటకు నేతగాడు మగ్గమునంతయు విప్పునా? దగ్గరి పోగునుండి చూచుకొనుచు పోవును" అని మిస్త్రీ మొదట కవాటమును విప్పెను. స్ప్రింగు వచ్చెను. దాని వెనుక ఉక్కుబంతి వచ్చెను. బంతి కూర్చుండు గద్దె అంచున, ఆవగింజలో సగము లేని నల్లని మడ్డిముక్క గట్టిగా అంటుకొనియుండెను.

పాత చమురు మాడి గట్టిపడిన మడ్డి అది. ఎచ్చటనో ఊడి, కొట్టుకొని వచ్చి, బంతి లేచినపుడు దాని క్రింద చిక్కుకొన్నది. బంతి గద్దెపై కూర్చుండలేకపోయినది. పంపు నెట్టిన చమురులో ఎక్కువ భాగము ఆ సందునుండి జారిపోయినది. నిజమునకు ఇంజనును చంపబోయినది ఆవగింజంత మడ్డి. ఆ మడ్డిని పెంచినది రెండేండ్ల అశ్రద్ధ.

మిస్త్రీ బంతిని, గద్దెను కిరసనాయిలుతో కడిగెను. స్ప్రింగు పొడవును కొలిచి, బండి పుస్తకములోని కొలతతో సరిచూచెను. తరువాత పాత చమురునంతయు తెల్లని నేతగుడ్డ గుండ వడపోసి, ఆ గుడ్డను ఎండలో పట్టి చూచెను. లోహపు పొడి ఉన్నచో ఎండలో మెరయును. మెరుపు ఏదియు కనబడలేదు. "బేరింగులు బ్రతికినవి. ఆ పన్నెండు కిలోమీటర్లును నడిపియుండినచో ఈ గుడ్డమీద నక్షత్రములు చూచియుందుము" అని అతడు ఉపాధ్యాయునితో అనెను. బాలుడు మేనమామ వంక చూచెను. పెండ్లినాటి నవ్వులకు సమాధానము ఆ తెల్లని గుడ్డమీద ఉన్నది.

కొత్త చమురును, కొత్త ఫిల్టరును వేసి ఇంజనును తిప్పిరి. ఈసారి భయము లేదు కనుక వేడెక్కనిచ్చిరి. బాలుడు వ్రాసిన కాగితము ఇట్లుండెను:

ఇంజను ఆగియుండగా: కారు గేజి 10, పరీక్ష గేజి 0.
చల్లని ఇంజను, వేగముగా తిరుగుచుండగా: కారు గేజి 70, పరీక్ష గేజి 60.
వేడి ఇంజను, వేగముగా తిరుగుచుండగా: కారు గేజి 60, పరీక్ష గేజి 50.
వేడి ఇంజను, మెల్లగా తిరుగుచుండగా: కారు గేజి 30, పరీక్ష గేజి 20.

ఈ అంకెలన్నియు చదరపు అంగుళమునకు ఇన్ని పౌనులని చెప్పునవి. 50 పౌనులనగా చదరపు సెంటీమీటరునకు సుమారు మూడున్నర కిలోగ్రాములు. మెల్లగా తిరుగునపుడు ముల్లు దిగుట రోగము కాదు. పంపు మెల్లగా తిరుగుటచే అది సహజము. ఏ బండికి ఎంత ఒత్తిడి తగునో ఆ బండి పుస్తకమే ప్రమాణము.

"ఈ కాగితమున నీకేమి కనబడుచున్నది?" అని మేనమామ అడిగెను.

బాలుడు కొంతసేపు ఆలోచించి, "అన్ని చోట్లను కారు గేజి సరిగా పదియే ఎక్కువ చూపుచున్నది" అనెను.

"బాగు! ఇపుడు గేజి లోపల ఏమున్నదో చూతము" అని మిస్త్రీ దానిని ఊడదీసి అద్దము విప్పెను.

ఎమ్మిగనూరు జాతరలో పిల్లలు కొను కాగితపు బూర మీరు చూచియుందురు. అది చుట్టచుట్టుకొనియుండును. ఊదినచో విప్పుకొనును, ఊదుట మానినచో మరల చుట్టుకొనును. గేజి లోపల నుండునదియు అట్టిదే. నొక్కి చదునుచేసి వంచిన ఒక లోహపు గొట్టము అందున్నది. దాని ఒక కొన మూయబడియుండును. రెండవ కొననుండి ఒత్తిడితో చమురు వచ్చినపుడు ఆ గొట్టము కొంచెము విప్పుకొనును. ఆ కొంచెము కదలికను చిన్న పండ్లచక్రములు పెంచి ముల్లును త్రిప్పును. 1849వ సంవత్సరమున యూజీన్ బూర్డాన్ అను ఫ్రెంచి ఇంజనీరు ఈ ఉపాయమునకు హక్కుపత్రమును పొందెను. నేటికిని వంటగ్యాసు, గాలియంత్రములు, ఆవిరి బాయిలర్లు మొదలైనవానిపై ఈ రకపు గేజులు పనిచేయుచున్నవి.

"ఈ గొట్టమే సాగియుండినచో తప్పు ఒక్కొక్క చోట ఒక్కొక్క విధముగా ఉండవచ్చును. అంతటను ఒకే పది తప్పు కనుక గొట్టము బాగున్నది. ముల్లు మాత్రము తన ఇరుసుపై కొంచెము జారినది" అని మిస్త్రీ వివరించి, ముల్లును మెల్లగా ఎత్తి, సున్నకు ఎదురుగా మరల అమర్చెను. ఇంజనును తిప్పగా కారు గేజి 50, పరీక్ష గేజి 50 చూపినవి.

"ముల్లును మొదటనే సున్నకు త్రిప్పియుంటే ఈ శ్రమ తప్పెడిది కాదా?" అని బాలుడు అడిగెను.

"అపుడు సాక్షి నోరు సరియగును, ఇంజను రోగము అట్లే ఉండును. కారు గేజి ఒక్కటే సరిచేసికొని తృప్తిపడువారును కలరు. ఇంజను ఒక్కటే సరిచేసికొని గేజిని అట్లే విడుచువారును కలరు. రెండవవారు మరుసటి ఆపదను కొనితెచ్చుకొందురు" అని మిస్త్రీ చేతులు తుడుచుకొనుచు పలికెను.

మూడవనాటి సాయంకాలమున వధూవరులు ఆ ఎఱ్ఱ కారులోనే దేవాలయమునకు పోయిరి. ముల్లు 50 యొద్ద నిలిచియుండెను. నవ్విన బంధువులే పూలు చల్లిరి.

విద్యార్థులారా! ఈ పాఠము కార్లు నడుపువారికి మాత్రమే కాదు. ఆదోని మార్కెటునకు ప్రత్తి తెచ్చు రైతు తూకమునకు ముందు ఖాళీ కాటా ముల్లు సున్న యొద్ద ఉన్నదో లేదో చూచుకొనును. జ్వరమానినితో జ్వరము చూచు తల్లికిని, మీ పాఠశాల ప్రయోగశాలలో కొలతలు తీయు మీకును ఇదే నియమము. కొలుచు సాధనమును గ్రుడ్డిగా నమ్మరాదు. అది చెడినదని గ్రుడ్డిగా త్రోసివేయనును రాదు. అది ఎంత తప్పు చూపుచున్నదో, ఏ వైపునకు తప్పు చూపుచున్నదో పరీక్షించి తెలిసికొనవలెను. ఆ పరీక్ష ముగియువరకు ఏది ఎక్కువ హాని కలిగించునో దానినే నిజమని భావించి జాగ్రత్తపడవలెను.

మనకు ఇష్టములేని మాటను చెప్పిన సాక్షిని అబద్ధీకుడనుట సులభము. ముహూర్తము ముంచుకొని వచ్చుచుండగా బండి ఆపి, "ఇందులో నిజమెంత?" అని అడుగుట కష్టము. ఆ కష్టమైన పనిని చేయగలవానికే యంత్రములు లొంగును.

ప్రశ్నలు

1. ఎద్దులబండికిని మోటారుబండికిని కందెన విషయమున గల భేదమేమి?
2. "ఎక్కువ చెప్పు సాక్షియే ఇంత తక్కువ చెప్పినపుడు, నిజము ఇంకను తక్కువగా ఉండవచ్చును." ఈ మాటలు ఎవరు, ఎవరితో, ఏ సందర్భమున పలికిరి?
3. బీచమ్ టవర్ ప్రయోగమున బయటపడిన విశేషమేమి?
4. మిస్త్రీ పరీక్ష గేజిని ముందుగా గాలియంత్రమునకు తగిలించుటకు కారణమేమి?
5. గేజి గొట్టము చెడలేదనియు, ముల్లు మాత్రమే జారినదనియు మిస్త్రీ ఎట్లు తెలిసికొనెను?
6. మీ ఇంటనున్న గడియారముగాని, త్రాసుగాని, జ్వరమానినిగాని సరిగా పనిచేయుచున్నదో లేదో ఎట్లు పరీక్షింతురు? పది వాక్యములలో వ్రాయుడు.